అంబాసిడర్ ఏసీలో గాలి ఎక్కడ పోతోంది?

పాత కారులో ఏసీ సరిగా పనిచేయడం లేదని చెబితే మా వైపు ఏ షెడ్డులోనైనా ముందు వచ్చే మాట ఒకటే. "గేస్ తగ్గుంటదండి, కొట్టించేద్దాం." బానెట్ ఎత్తకముందే ఈ మాట వచ్చేస్తుంది. గ్యాస్ కొడతారు, డబ్బులు తీసుకుంటారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. ఎండ కాస్త ముదిరేసరికి మళ్లీ మొదటికొస్తుంది. గ్యాస్ దాకా పోకుండా ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయని చెప్పడానికే ఈ పోస్టు. పాత అంబాసిడర్లను, పద్మినీలను, కాంటెస్సాలను ఇంకా ప్రేమగా చూసుకుంటున్నవాళ్లు గోదావరి జిల్లాల్లో తక్కువేం లేరు. వాళ్లలో చాలామంది ఏసీ మీద ఆశ వదిలేసి అద్దాలు దించుకుని తిరుగుతున్నారు. ఆశ వదులుకోనక్కర్లేదు.

నాది అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్. బాడీ యాభైల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే. ఇంజిన్ మాత్రం ఇసుజు 1817 సీసీ పెట్రోల్, ఐదు గేర్లు. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఈ కారు తయారీ ఆగిపోయాక దీని మీద నాకు ఇంకాస్త మమకారం పెరిగింది. అంబాజీపేటలో మాది కొబ్బరి వ్యాపారం. కారు కొనుక్కున్నది ఇంటి వాడకానికే గానీ, తెల్ల అంబాసిడర్‌లో ఊరేగాలని ఇప్పటి పిల్లలకు కూడా ముచ్చటగా ఉండటంతో పెళ్లిళ్లకు అడుగుతున్నారు. ముహూర్తాలు ఎక్కువగా పడేది వైశాఖం, జ్యేష్ఠం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టు పంచె కట్టుకున్న పెళ్లికొడుకు, పట్టుచీర, పూలజడ, నగలతో పెళ్లికూతురు వెనక సీట్లో కూర్చుంటారు. ఆ పిల్ల మొహానికి వేసిన మేకప్ కరిగిపోతుంటే చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మా కారులో ఏసీ పెట్టె డాష్‌బోర్డు కింద వేలాడుతూ ఉంటుంది. గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, గాలిని తోసే ఫ్యాన్ అంటే బ్లోయర్, రెండూ అందులోనే ఉంటాయి. కారు లోపలి గాలినే కాళ్ల దగ్గర నుంచి లాక్కుని, కాయిల్ మీదుగా పంపి, ముందున్న వెంట్లలోంచి వదులుతుంది. మధ్యలో రెండు వెంట్లు, చెరో పక్క పైపుతో ఒక్కో వెంటు. ఇంతే దాని నిర్మాణం. ఇంత చిన్న దారిలో గాలి ఎక్కడ పోతుందో వెతకడం పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలంతే.

ముందు ఒక థర్మామీటర్ తెచ్చుకోండి. కారును నీడలో పెట్టి, అద్దాలన్నీ ఎత్తి, ఇంజిన్‌ను కాస్త రేజ్ చేసి ఉంచి, బ్లోయర్ ఫుల్లుగా తిప్పండి. పది నిమిషాలయ్యాక థర్మామీటర్‌ను మధ్య వెంట్‌లోకి పెట్టి చూడండి. మా కారులో 7 డిగ్రీలు చూపించింది. 7 డిగ్రీల గాలి ఇస్తున్న ఏసీకి గ్యాస్ ఎందుకు? ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. గాలి తగ్గినకొద్దీ అది కాయిల్ దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది, అందువల్ల ఇంకా చల్లగా బయటికొస్తుంది. వెంట్ దగ్గర చెయ్యి పెట్టినవాళ్లు "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అంటారు. వెనక కూర్చున్న మనిషి మాత్రం చెమటలు కక్కుతుంటాడు. చల్లదనం ఉంది, దాన్ని మోసుకెళ్లే గాలి లేదు. థర్మామీటర్ 16, 18 డిగ్రీలు చూపిస్తూ గాలి మాత్రం దండిగా వస్తోందంటే అది వేరే జబ్బు. అప్పుడు గ్యాసూ, వేడిని బయటికి వదిలే కండెన్సరూ, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసరూ చూడాలి.

మా ఏసీ మెకానిక్‌ను నేను మావయ్య అని పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు, అలవాటైపోయింది. గ్యాస్ ప్రెషర్ చూపించే గేజీలు తగిలించి చూసి ఆయన చెప్పింది ఒకే మాట. "అల్లుడూ, గేస్ నిండుగా ఉంది. గాలే లేదు. దీన్ని విప్పాల్సిందే." అంతకుముందు వేరే ఊళ్లో ఒక షెడ్డులో ఇదే కారుకు ఉన్న గ్యాస్ మీద ఇంకొంచెం గ్యాస్ కూడా కొట్టారు. అలా ఎక్కువైతే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది తప్ప గాలి పెరగదు.

గాలిని కూడా అంకెల్లో పెట్టుకోవాలనిపించి, గాలి వేగం కొలిచే చిన్న మీటరు ఒకటి తెప్పించాను. వేళ్ల మధ్య ఇమిడే చిన్న ఫ్యాన్ తిరుగుతూ అంకె చూపిస్తుంది. మధ్య వెంట్ దగ్గర సెకనుకు 2.2 మీటర్లు. ఈ మీటరు లేకపోయినా ఫరవాలేదు. ఒక పెద్ద పాలిథిన్ సంచిని వెంట్‌కు తొడిగి, అది పూర్తిగా ఉబ్బడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూసుకోండి. పని అయ్యాక అదే సంచితో మళ్లీ చూస్తే తేడా తెలిసిపోతుంది. చెయ్యి పెట్టి చూసిన లెక్క మాత్రం నమ్మొద్దు, ఎండలోంచి వచ్చిన చేతికి ఏదైనా చల్లగానే ఉంటుంది.

ఇక అసలు పని. నేనైతే ఎవరి కారైనా ముందు కరెంటు చూడమనే చెబుతాను. ఎందుకంటే ఏమీ విప్పక్కర్లేదు, ఒక మల్టీమీటర్ చాలు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులున్నాయి. బ్లోయర్ ఫుల్లులో పెట్టి మోటార్ ప్లగ్గు దగ్గర కొలిస్తే 10.4. దారిలోనే 3.4 వోల్టులు మాయమయ్యాయి. అంటే దాదాపు నాలుగో వంతు. ఈ మోటార్ దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. 3.4ను 10తో గుణిస్తే 34 వాట్లు. గాలి తోయాల్సిన ఆ 34 వాట్లు వైర్లలో, ఫ్యూజ్ హోల్డర్‌లో, స్విచ్‌లో ఉత్త వేడిగా పోతున్నాయన్నమాట. స్విచ్ బయటికి తీసి చూస్తే వెనకున్న తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. కాంటాక్టులు నల్లబడ్డాయి. డీసీ మోటార్‌కు వోల్టేజీ తగ్గితే స్పీడూ తగ్గుతుంది, స్పీడు తగ్గితే గాలీ తగ్గుతుంది.

నష్టం ఎక్కడ జరుగుతోందో కనిపెట్టే పద్ధతి తేలిక. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ముల్లు మోటార్ పాజిటివ్ వైరు మీద పెట్టి బ్లోయర్ తిప్పండి. ఎంత చూపిస్తే అంత నష్టం పాజిటివ్ దారిలో ఉన్నట్టు. తర్వాత మోటార్ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు అలాగే చూడండి. ఏ వైపైనా అర వోల్టు దాటితే ఆ దారిని బాగుచేయాలి. మా కారులో ఎర్త్ వైపు కూడా ఒక వోల్టు పోతోంది. సముద్రం గాలి తగిలే చోట, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే కార్లలో, ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టడం మామూలే. పైకి బిగుతుగానే కనిపిస్తుంది, విప్పితే లోపల పొడి రాలుతుంది. ఆ చోటు ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి, బిగించాక పైన గ్రీజు రాయాలి.

పాజిటివ్ వైపుకు మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. బ్యాటరీ దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త రాగి వైరు లాగి, బ్యాటరీకి దగ్గరలోనే 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, రిలే మీద 30 అని రాసి ఉన్న కాలుకి ఇవ్వాలి. 87 నుంచి మోటార్‌కు. పాత స్విచ్‌లో ఫుల్ స్పీడ్ వైరు ఇంతకుముందు నేరుగా మోటార్‌కు వెళ్లేది కదా, దాన్నిప్పుడు 86కి కలపాలి. 85 ఎర్త్‌కు. అప్పుడు స్విచ్ మీద పడేది రిలేకి కావాల్సిన చిన్న కరెంటు మాత్రమే, అసలు కరెంటు కొత్త దారిలో పోతుంది. తక్కువ స్పీడులు పాత రెసిస్టర్ మీదుగా ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఫ్యూజ్ పెట్టకుండా బ్యాటరీ నుంచి వైరు లాగే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, దయచేసి ఒప్పుకోకండి. ముప్పై ఏళ్ల కారులో ఆ వైరు ఎక్కడైనా రేకుకు ఒరుసుకుంటే కారు కాలిపోతుంది. ఈ పని మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఒక పూటలో ముగించాడు. మోటార్ దగ్గర 13.3 వోల్టులు వచ్చాయి. గాలి మీటరు 3.1 చూపించింది. కాయిల్ ముట్టుకోకుండానే ఇంత తేడా వచ్చింది.

పాలకొల్లులో ఒక మిత్రుడి పద్మినిలో ఇంకో సంగతి బయటపడింది, అది ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. బ్లోయర్ మోటార్ కార్బన్ బ్రష్షులు అరిగాయని మార్పించాక గాలి అంతకుముందుకంటే తగ్గింది. మోటార్ చూస్తే గిర్రున తిరుగుతోంది. కారణం ఏమిటంటే, బిగించేటప్పుడు వైర్లు రెండూ అటూ ఇటూ అయ్యాయి. మోటార్ తిరగాల్సిన వైపు కాకుండా ఎదురు తిరుగుతోంది. మామూలు ఫ్యాన్ ఐతే గాలి వెనక్కి కొడుతుంది, వెంటనే తెలుస్తుంది. ఈ డ్రమ్ములాంటి బ్లోయర్ చక్రం ఎటు తిరిగినా గాలి వెంట్ వైపే వస్తుంది, కాకపోతే చాలా బలహీనంగా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. చక్రం రెక్కలు ఎటు వంగి ఉన్నాయో, ఎటు తిరుగుతోందో చూసుకోవాలి. వంగిన రెక్కల లోతు భాగం గాలిని చేదుకుంటూ ముందుకు పోవాలి.

మళ్లీ మా కారు సంగతికొస్తే, కరెంటు సరిచేశాక కూడా 3.1 దగ్గరే ఆగిందంటే లోపల అడ్డం ఉందన్నట్టు. పెట్టె దించాం. ఎలాగూ పైపుల అతుకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగులు ఎండిపోయాయి కాబట్టి గ్యాస్‌ను మెషీన్‌లోకి లాక్కుని పైపులు విప్పించాను. గాల్లోకి వదిలేయనివ్వలేదు. పైపులు విప్పకుండా కూడా చాలా యూనిట్లలో బ్లోయర్ భాగం ఒక్కటే ఊడదీసి కాయిల్ ముఖం శుభ్రం చేయొచ్చు, అది ముందే అడిగి తెలుసుకోండి.

పెట్టె పైమూత తీయగానే కాయిల్ కనిపించలేదు. గాలి లోపలికొచ్చే వైపు మొత్తం ఫెల్టు గుడ్డ పరిచినట్టు బూడిద రంగు పొర. వేలి గోటితో ఓ మూల లేపితే పొరంతా ముక్కగా ఊడొచ్చింది. అందులో ఏమేం ఉన్నాయో చూడాలని పాత పేపరు పరిచి విడదీశాను. ఎక్కువ భాగం కొబ్బరి పీచు నూగు, అది మా వ్యాపారం తాలూకు. దాళ్వా కోతలప్పుడు చేల పక్క రోడ్ల మీద లేచే ఊక దుమ్ము. తల వెంట్రుకలు. ఎండి గోధుమ రంగైన మల్లె రేకులు, చీరల నుంచి రాలిన చమ్కీలు. అడుగున నీళ్ల ట్రేలో పసుపు అక్షింతలు నానిపోయి నల్లబడి, డ్రెయిన్ పైపు నోటికి అడ్డం పడి ఉన్నాయి. ఎన్ని పెళ్లిళ్లవో. మావయ్య వాటిని విసిరేయబోతే ఆగమని, ఆ పిడికెడు అక్షింతలూ తీసి కొబ్బరి చెట్టు మొదట్లో వేశాను.

డ్రెయిన్ పైపు మూసుకుపోతే నీళ్లు ట్రేలో నిలిచి కాయిల్ కింది వరసలు తడిలోనే ఉండిపోతాయి, ఆ భాగంలోంచి గాలి దూరదు. దుమ్ము బురదై అక్కడే అంటుకుంటుంది. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉందన్నా, కారు ఎక్కగానే ముక్కిపోయిన వాసన వస్తోందన్నా మొదట ఈ పైపే చూడండి. ఏసీ పావుగంట నడిచాక కారు కింద నీళ్లు కారాలి, మన దగ్గర ధారగా కారాలి.

ఎందుకంటే మనది ఉక్కపోత దేశం. చుట్టూ కాలువలు, చెరువులు, వరి చేలు, పక్కనే సముద్రం. ఇక్కడి గాల్లో తడి ఎక్కువ. ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు ఆ తడిని నీళ్లుగా మార్చి దించాలి. ఒక లీటరు నీరు అలా దిగాలంటే 2,400 కిలోజౌళ్లకు పైగా వేడిని కాయిల్ మింగాలి. గంటకు లీటరు నీళ్లు కారాయంటే దాదాపు 670 వాట్ల శక్తి అచ్చంగా దానికే ఖర్చైపోయిందన్నమాట. పొడి ప్రాంతాల్లో ఈ భారం బాగా తక్కువ. హైదరాబాద్‌లో బాగా పనిచేసిన ఏసీ అమలాపురంలో చతికిలబడిందని అనేవాళ్లకు నేను చెప్పే కారణం ఇదే. అందుకే ఇక్కడ బయటి గాలి లోపలికి వచ్చే దారులు ఎంత మూస్తే అంత మంచిది. డాష్‌బోర్డు కింద బయటి గాలికి ఉండే ఫ్లాప్ గట్టిగా మూసుకోవాలి. మా కారులో దాని అంచు రబ్బరు ఊడిపోయి ఎప్పుడూ వేలెడు సందు ఉండేది. ముందు తలుపుల త్రికోణపు అద్దాల రబ్బర్లు, గేర్ రాడ్ కింది బూటు, ఇంజిన్ వైపు నుంచి వైర్లు వచ్చే రంధ్రాల గ్రోమెట్లు, ఇవన్నీ మార్చడానికి పెద్ద ఖర్చవదు.

కాయిల్ కడగడంలో తొందర పనికిరాదు. వాటర్ సర్వీసింగ్‌లో బండ్లు కడిగే ప్రెషర్ గన్ దాని దగ్గరికి రానివ్వకండి. అల్యూమినియం రేకులు కాగితంలా వంగిపోతాయి, వంగినచోట గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. వైరు బ్రష్షు కూడా వద్దు. ముందు పొడిగా మెత్తటి బ్రష్షుతో రేకుల వెంబడి పైనుంచి కిందికి లాగాలి, అడ్డంగా లాగకూడదు. తర్వాత అల్యూమినియానికి హాని చేయని కాయిల్ క్లీనర్ నురగ కొట్టి కాసేపు వదిలేసి, గాలి వచ్చే దిశకు ఎదురుగా, అంటే లోపలి నుంచి బయటికి, మామూలు గొట్టంతో నీళ్లు పోయాలి. విప్పిన పైపుల మూతుల్లోకి నీటి చుక్క కూడా పోకుండా ముందే బిరడాలు బిగించాలి. కడిగాక చీకట్లో కాయిల్ వెనక టార్చి పెట్టి చూడండి. వెలుతురు అంతటా ఒకేలా కనిపించాలి, మచ్చలుగా కనిపిస్తే మళ్లీ కడగాలి. వంగిన రేకుల్ని సన్నటి దువ్వెనలాంటి పనిముట్టుతో నిలబెడతారు. మావయ్య దగ్గర అది ఉంది, ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరసా సరిచేస్తుంటే పక్కన కూర్చుని చూడటమే నాకు పెద్ద సంతోషం.

బ్లోయర్ చక్రాన్ని మాత్రం మరిచిపోకండి. దాని చిన్న చిన్న రెక్కల లోతులో దుమ్ము పేరుకుంటే రెక్కలకు వంపు ఉన్నా లేనట్టే. పాత టూత్ బ్రష్షుతో ఒక్కో రెక్కా తోమాలి. మోటార్ బుష్‌లో రెండు చుక్కల సన్న నూనె వేయాలి. ఎక్కువ వేస్తే బ్రష్షుల మీదికి పాకుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ఎవరూ పట్టించుకోని చిన్న వస్తువు ఒకటుంది, థర్మోస్టాట్ తీగ. సన్నటి రాగి గొట్టంలా ఉంటుంది, దాని కొస కాయిల్ రేకుల మధ్య లోతుగా దిగి ఉండాలి. కాయిల్ సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంటే అది పసిగట్టి కంప్రెసర్‌ను ఆపుతుంది. అది బయట వేలాడుతుంటే కంప్రెసర్ ఆగదు, కాయిల్ మీద తడి గడ్డకడుతుంది, మంచు రేకుల మధ్య సందుల్ని పూడ్చేస్తుంది. అన్నవరం పెళ్లిళ్లకు హైవే మీద వెళ్లేటప్పుడు మా కారు ఇలాగే చేసేది. రావులపాలెంలో బాగున్న గాలి రాజమండ్రి దాటి జగ్గంపేట వచ్చేసరికి సన్నబడిపోయేది. టీ తాగడానికి ఆగి మళ్లీ ఎక్కితే బాగుండేది. మీ కారు కూడా ఇలా చేస్తుంటే ఏసీ బటన్ ఆపి బ్లోయర్ ఒక్కటే పది నిమిషాలు తిప్పండి. గాలి మెల్లగా పెరిగి కారు కింద నీళ్లు బడబడా కారితే కాయిల్ మీద మంచు కట్టిందన్నట్టే. తీగ సరిగ్గానే ఉన్నా గడ్డకడుతుంటే అప్పుడు థర్మోస్టాట్ మార్చాలి. గ్యాస్ తక్కువైనా కాయిల్‌లో ఒక మూల ఇలా మంచు పడుతుంది, ఆ తేడా గేజీలే చెప్పాలి.

పెట్టె రెండు ముక్కలు కలిసే చోట, బ్లోయర్‌కూ కాయిల్‌కూ మధ్య ఒకప్పుడు ఫోమ్ పట్టీ ఉండేది. ముట్టుకుంటే నల్ల పొడిగా రాలింది. ఆ సందులోంచి గాలి కాయిల్‌ను తప్పించుకుని కాళ్ల మీదికి పోతోంది. నీళ్లు పీల్చని రకం ఫోమ్ పట్టీ కొత్తది అంటించి, బయట నుంచి అల్యూమినియం టేపు చుట్టించాను. మామూలు ప్లాస్టిక్ టేపు తడికి ఊడిపోతుంది. అంతా బిగించాక ఒక అగరొత్తి వెలిగించి అతుకుల చుట్టూ తిప్పండి, పొగ ఎక్కడ చెదిరితే అక్కడ గాలి పోతోంది.

పక్క వెంట్ల పైపుల్లో ఒకటి రేడియో వెనక నొక్కుకుపోయి బల్లపరుపుగా ఉంది. రెండూ 50 మిల్లీమీటర్ల పైపులు. జాగా ఉందని 63 వేయించాను. వ్యాసంలో 13 మిల్లీమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది గానీ గాలి పోయే వైశాల్యం దాదాపు 59 శాతం పెరుగుతుంది. ఆ మడతల పైపును పూర్తిగా సాగదీసి, కావాల్సినంతే కోసి, వంపులు తక్కువగా వేయాలి. పొడవు మిగిలిందని లోపల చుట్టి పెడితే ప్రతి మడతా గాలిని ఆపుతుంది.

అన్నీ అయ్యాక మధ్య వెంట్‌లో 4.6 మీటర్లు. వేడి 9 డిగ్రీలు, అంటే ముందుకంటే రెండు డిగ్రీలు ఎక్కువ. అలాగే ఉండాలి. గాలి రెట్టింపైంది, కారు మొత్తం చల్లబడుతోంది.

గ్యాస్ గురించి రెండు ముక్కలు. మా కారుకు మొదట ఆర్12 ఉండేది. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ రకం వాయువుల్ని తగ్గిస్తూ వచ్చారు, మన దేశంలో 2010 కల్లా వాటిని ఆపేశారు. ఇప్పుడు ఈ కార్లలో వాడేది 134ఎ. పాత మినరల్ ఆయిల్ దీనితో కలవదు, ఆయిల్ మార్చాలి, ఓ-రింగులు, గ్యాస్‌లోని తడిని పీల్చే డ్రయ్యర్ మార్చాలి. ఎక్కించేది కూడా పాత గ్యాస్ బరువులో 80 నుంచి 90 శాతం మధ్యే ఉండాలి, తూకం వేసి మరీ. సిస్టమ్ ఎప్పుడు విప్పినా వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి. చౌకగా అవుతుందని వంట గ్యాస్ ఎక్కించే వాళ్లున్నారు. చల్లగానే వస్తుంది, కాదనను. కానీ కూలింగ్ కాయిల్ ఉన్నది మనం కూర్చునే చోట. అది కారితే కారంతా మండే వాయువుతో నిండుతుంది, ఒక్క రిలే నిప్పురవ్వ చాలు. మీ మీదా, మీ ఇంటి వాళ్ల మీదా ప్రేమ ఉంటే ఆ షెడ్డు నుంచి బయటికొచ్చేయండి.

ఊరేగింపు వేరే పరీక్ష. బ్యాండు ముందు నడుస్తుంటే కారు మనిషి నడక కంటే మెల్లగా, గంటల తరబడి ఐడిలింగ్‌లో పోతుంది. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు తగ్గుతుంది, హెడ్‌లైట్లు, పెళ్లి కారుకు కట్టిన సీరియల్ లైట్లు, బ్లోయర్ అన్నీ దాని మీదే. వోల్టేజీ పడితే బ్లోయర్ నీరసపడుతుంది. ముందు కండెన్సర్‌కు ఎదురుగాలి ఉండదు కాబట్టి దానికి విడిగా ఎలక్ట్రిక్ ఫ్యాన్ కావాలి, అదీ కరెంటు తింటుంది. నేను బెల్టు బిగువు సరిచేయించి, బ్యాటరీ టెర్మినళ్లు మార్పించి, సీరియల్ లైట్లను ఎల్‌ఈడీలే పెట్టాలని డెకరేషన్ వాళ్లకు షరతు పెట్టాను. బానెట్ మీద, గ్రిల్ ముందు పూల దండలు అడ్డంగా కట్టొద్దని కూడా చెబుతాను. కండెన్సర్‌కు గాలి వెళ్లేది అక్కడి నుంచే. అలంకరణ అంతా పైకప్పు మీదా, డిక్కీ మీదా చేయించుకుంటారు, ఎవరూ కాదనలేదు.

వెనక సీటుకు గాలి చేరడం ఇంకా పూర్తిగా నాకు నచ్చినట్టు కాలేదు. మధ్య వెంట్లను పైకి తిప్పి, గాలి పైకప్పు కిందుగా వెనక్కి పోయేలా పెడితే బాగానే అందుతోంది. ముందు సీట్లో వీడియో అతను కెమెరాతో నిలువుగా కూర్చుంటే మాత్రం దారి ఆగిపోతోంది. రెండు ముందు సీట్ల మధ్య, పైకప్పు దగ్గర, 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి వెనక్కి తిప్పి పెట్టి చూశాను, తేడా బాగా తెలిసింది. శబ్దమే కాస్త ఎక్కువ. వీడియోలో సన్నాయి మీద ఆ రొద పడుతోందని ఒక పెళ్లివారు అన్నారు. ఇప్పుడు సీట్ల మధ్య నేల మీదుగా 63 మిల్లీమీటర్ల పైపు వేసి, వెనక కాళ్ల దగ్గర నుంచి పైకి గాలి ఇచ్చేలా ఒక చెక్క పెట్టె చేయిస్తున్నాను. దానికోసం పక్క వెంట్లలో ఒకదాన్ని మూసేయాలి, డ్రైవర్ వైపుదా, అవతలిదా అన్నది మావయ్యా నేనూ ఇంకా తేల్చుకోలేదు. శ్రావణ మాసం ముహూర్తాలకు ముందే బిగించి, మీటరు పెట్టి కొలిచి, ఆ అంకెలు ఇక్కడే రాస్తాను.